దిష్టి కుట్టు

పాలు పొంగేలోపు రెండు వరసలు అల్లవచ్చునని అప్పలనర్సమ్మ లెక్క. అరలీటరు పాలు, సన్నటి మంట, వరసకు తొంభై కుట్లు. పెళ్ళయి ఈ రైల్వే క్వార్టర్‌కి వచ్చిన మొదటి చలికాలంలో తేలిన లెక్క ఇది. ఆ తర్వాత ముప్ఫయ్యారేళ్ళలో పాలవాళ్ళు మారారు, స్టవ్వులు మారాయి, బిలాస్‌పూర్ స్టేషను రూపే మారిపోయింది గాని లెక్క మారలేదు. ఆ రోజు మాత్రం రెండో వరస సగంలో ఉండగానే పాలు పొంగి స్టవ్వంతా పారాయి.

మంట పెద్దదై ఉంటుందనుకుని వంగి చూసింది. మంట రోజూలాగే ఉంది. అయితే తప్పు స్టవ్వుదేనని తీర్మానించి మసిగుడ్డ కోసం చెయ్యి చాపింది. చాపిన చెయ్యి ఎడమది. భుజం నుంచి చిటికెనవేలి దాకా ఒక పోటు పాకింది. “ఒచ్చినావా తల్లీ” అని దాన్ని పలకరించి, కుడిచేత్తో గుడ్డ అందుకుంది.

ఆ నొప్పికి ఆమె పెట్టుకున్న పేరు ఊలు నొప్పి. కాలనీలో మిగతా ఆడవాళ్ళు ఊలు పోగును కుడిచేతికి చుట్టుకుని అల్లుతారు. అప్పలనర్సమ్మ ఎడమచేతికి చుట్టుకుంటుంది. ఆమె తల్లికి ఎప్పుడో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు భార్య నేర్పిన పద్ధతి అది. చాలా వేగంగా సాగుతుంది, దాని ఫలితం ఎడమచెయ్యి అనుభవిస్తుంది. దీపావళికి మొదలై శివరాత్రికి పోయే నొప్పి ఈ ఏడు దసరాకే వచ్చేసింది. అల్లేటప్పుడే కాక బట్టలు ఆరేసేటప్పుడూ, బజారు నుంచి నడిచి వచ్చేటప్పుడూ వస్తోంది. ఆర్డర్లు ఎక్కువయ్యాయి, అందుకే, అని సమాధానం చెప్పుకుంది. నిజానికి ఈ ఏడు ఆర్డర్లు తక్కువే.

భర్త సూర్యం యార్డులో పాయింట్స్‌మన్, బండ్లు పట్టాలు మారే చోట పాయింట్లు కలిపే పని. వచ్చే జూన్‌లో రిటైరవుతాడు. ఎనిమిది గంటల డ్యూటీకి తయారై, ఆమె అల్లిన కోతిటోపీ చెవుల మీదికి లాక్కుంటూ వంటింటి గుమ్మంలో ఆగాడు.

“ఏటే, ఈ సలిలో అలా సెమటలు పట్టీసినాయి నీకు?”

“పొయ్యికాడ సెమటలు పట్టకపోతే మంచు పడతాదేటి? ఎల్లండి, టైమైపోనాది.”

అతను నవ్వి, టిఫిన్ డబ్బా తీసుకుని పొగమంచులోకి వెళ్ళిపోయాడు. పట్టించుకోని మనిషి కాదు. ఒంటి సంగతులు కనిపెట్టే పని ఆమెదని ఆ ఇంట్లో ఎప్పుడో పంపకం జరిగిపోయింది, అంతే. అతను రెండు కిలోలు తగ్గినా, ఒక భుజం కాస్త వాలినా ముందు ఆమెకే తెలిసేది. ఆమె ఒళ్ళు ఎవరు చూడాలన్నది ఆ పంపకంలో ఎవరి వాటాకూ రాలేదు. పిల్లలు లేరు. ఆ మాట ఎవరైనా జాలిగా ఎత్తితే, కాలనీలో ఏ పిల్లాడి చంక కొలత కావాలో అడగండి, చెబుతాను, అనేది.

ఆ మాటలో గొప్పలేమీ లేవు. కిటికీ కింద ట్రంకుపెట్టె మీద పదకొండు గళ్ళ నోటుబుక్కులు ఉన్నాయి. ఎడమ పేజీలో డిజైను, కుడి పేజీలో కొలతలు. ఒక గడి ఒక కుట్టు. డిజైన్ల కోసం ఆమె ఏ పుస్తకం కొనలేదు, ఫోనులో ఎవరైనా చూపిస్తే బాగుందని మర్యాదకు చెప్పి మరిచిపోయేది. గూడ్సు పెట్టెల మధ్య వేలాడే లంకె ఒక డిజైను. కోతలయ్యాక బిల్హా పొలాల్లో వరసగా మిగిలే వరి మోళ్ళు ఒక డిజైను. వెనక గోడకు పడిన పగులు కూడా ఒక డిజైనే, అది స్టేషను మాస్టరుగారి అమ్మాయి ఒంటి మీద ఎంతో అందంగా అమరింది. ఇక కుడి పేజీలు తిరగేస్తూ పోతే, ఎవరు ఎప్పుడు లావయ్యారో, ఎవరు ఏ ఏట చిక్కిపోయారో కాలనీ మొత్తం చరిత్ర ఉంది. ఈ దసరా దాకా అందులో లేనిది ఆమె కొలత ఒక్కటే. ఆమె వేసుకునే స్వెటరు మిగిలిపోయిన ఊలు ముక్కలన్నీ కలిపి అల్లింది, సాగి సాగి గోనెసంచిలా అయిపోయింది. ఎంత ఒంటికైనా పడుతుంది.

పది గంటలకు వేణుగోపాల్ వచ్చాడు. రిటైరైన గార్డు. నాలుగేళ్ళ కిందట, అల్లి రెండు నెలలు కాని స్వెటరు తెచ్చి, మణికట్ల దగ్గర బిగుతుగా అల్లావని దెబ్బలాటకు దిగాడు. అప్పలనర్సమ్మ నోటుబుక్కు తీసింది, కుట్లు లెక్కపెట్టింది, తర్వాత అతని చెయ్యి పట్టుకుని చూసింది. “నా లెక్క తప్పదు గార్డుగారూ. మీ సెయ్యే ఉబ్బింది. ఆస్పత్రికి ఎల్లండి” అంది. కోపంగానే వెళ్ళాడు. మూత్రపిండాల జబ్బు, ఇంకో నెల ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. అప్పటినుంచి నెలకోసారి ఆ స్వెటరే తొడుక్కుని వచ్చి చేతులు చాపుతాడు.

“సూడమ్మా నర్సమ్మా, పాసా ఫెయిలా?”

ఆమె మణికట్టు దగ్గరి బార్డరు లోపల వేలు దూర్చి తిప్పి చూసింది. “పాసే. ఉప్పు తగ్గించినారా?”

“తగ్గించకపోతే నువ్వూరుకుంటావేటి?”

టీ తేవడానికి లేచింది. నాలుగడుగులు వేసి తలుపు పట్టుకుని ఆగిపోయింది. వీపు మాత్రమే కనిపిస్తోంది, భుజాలు పైకీ కిందికీ ఆడుతున్నాయి.

“ఏటమ్మా, ఆయాసమా?”

“ఊలు దూగర గొంతుకు అడ్డం పడతాది. ఎప్పుడూ ఉన్నదే.”

“మరా సెయ్యి రుద్దుకుంటన్నావు?”

“ఊలు నొప్పి.”

వేణుగోపాల్ తలూపాడు. ప్రతి చలికాలం వింటున్న మాటే కదా. టీ తాగి, యార్డులో కొత్తగా వచ్చిన ఇంజన్ల గురించి కాసేపు మాట్లాడి వెళ్ళిపోయాడు. ఆమె వల్ల ప్రాణం దక్కిన మనిషి ఆమెకు బారెడు దూరంలో అరగంట కూర్చుని ఏమీ చూడకుండా పోయాడు. పాపం, గార్డు ఉద్యోగం, బండి దాటిపోయాక వెనక పెట్టెలోంచి చూడటమే జీవితమంతా అలవాటు.

వంట మొదలుపెట్టింది. సూర్యానికి గుమ్మడికాయ ఆవపెట్టిన కూర ఇష్టం. ముక్కలు ఉడుకుతుండగా ఆవాలు, ఎండుమిరపకాయ, చిన్న బెల్లం ముక్క కుడిచేత్తోనే నూరింది. చెయ్యి కడుక్కునేటప్పుడు గాజులు కిందికి జారలేదు. ముంజేతి మీద ఎక్కడివి అక్కడే కూరుకుని నిలబడ్డాయి. సబ్బు పెట్టినా కదల్లేదు. వయసొచ్చాక ఒళ్ళు రాదా, అనుకుంది. రాత్రి తీసిన సాక్సుల అచ్చు పొద్దున్నదాకా కాళ్ళ మీద ఉండటం గురించి కూడా అదే అనుకుంది. ఇంకొకరి చేతి మీద ఆ గాజుల్ని చూసి ఉంటే, ఆ మనిషిని రెక్క పట్టుకుని ఆస్పత్రికి ఈడ్చుకుపోయేది.

పదకొండింటికి బొగ్గు గూడ్సు వచ్చింది. పాయింట్ల మీదికి ఎక్కినప్పుడు పెట్టె పెట్టెకూ ఒక చప్పుడు వస్తుంది. పనిలో ఉన్నా సరే, ఆమె మనసు ఆ చప్పుళ్ళను లెక్కపెట్టుకుంటూ పోతుంది. బొగ్గు బండికి యాభై ఎనిమిదో, యాభై తొమ్మిదో పెట్టెలుంటాయి. గంజి వార్చడానికి అన్నం గిన్నె పట్టుకుంది. ఇరవై తొమ్మిది, ముప్ఫై, ముప్ఫయ్యొకటి. ఆ తర్వాతి అంకె రాలేదు.

మళ్ళీ చెవులు వినబడేసరికి బండి వెళ్ళిపోయింది. తను గోడకు ఆనుకుని నేల మీద ఉంది. గిన్నె బోర్లా పడి ఉంది. గంజి తూము దాకా పారింది, కాని అప్పటికే చల్లారిపోయింది. వేడి గంజి చల్లారేంత సేపు తను ఎక్కడ ఉందో ఆమెకు తెలియలేదు.

అప్పుడు మాత్రం భయం వేసింది. ఊలు మీదికీ స్టవ్వు మీదికీ తొయ్యలేని భయం. నాలుగింటికి ఆయన రాగానే చెప్పాలి, అనుకుంది. డ్యూటీలో ఉన్న మనిషికి ఫోను చేస్తే కంగారులో పట్టాల మధ్య ఏ అడుగు ఎక్కడ వేస్తాడో. నాలుగింటికి చెబితే చాలు. లేచి, నేల తుడిచి, మళ్ళీ బియ్యం కడిగింది.

పన్నెండున్నరకు భానుప్రియ వచ్చింది. ఎదురు క్వార్టర్ పిల్ల, ఇరవై రెండేళ్ళు, రైల్వే పరీక్షలకు చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవబోతే అక్షరం అక్షరానికి ఆయాసపడుతుంది. రెండేళ్ళుగా అప్పలనర్సమ్మ దగ్గర అల్లిక నేర్చుకుంటోంది. మొదటి పూర్తి స్వెటరు పిన్నికే అల్లుతానని దసరా ముందు పట్టుబట్టి టేపు తెచ్చింది. ముప్ఫయ్యారేళ్ళలో ఆమెను కొలిచిన మొదటి మనిషి ఆ పిల్లే. పదకొండో నోటుబుక్కులో పిన్ని పేరుకు ఒక పేజీ పెట్టి ఆ పిల్లే కొలతలు రాస్తే, దానికి ఎదురుగా అప్పలనర్సమ్మ డిజైను గీసింది. రెండు పట్టాలు అంచు దగ్గర వేరువేరుగా మొదలై, రొమ్ము దగ్గర పాయింట్లలో కలిసి, మెడ దాకా ఒకటిగా పోతాయి. సూర్యం చేసే పని అదే కదా. ఆ డిజైను అల్లే పిల్లకు తప్ప ఎవరికీ చూపించలేదు, సిగ్గు వేసింది. సదర్ బజార్ వెళ్ళి మెరూన్ ఊలు తనే ఏరి తెచ్చుకుంది, కొత్త ఊలు.

“అయిపోయింది పిన్నీ! జల్దీ వేసుకో, నాకు టెన్షన్‌గా ఉంది.”

గోనెసంచి విప్పి మెరూన్ స్వెటరు తలకు తొడుక్కుంది. మెడ బాగుంది, భుజాలు బాగున్నాయి. రొమ్ము దగ్గర పట్టాలు చక్కగా కలిశాయి. ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ సంగతి దాచుకోలేదు. తర్వాత చేతులు దూర్చింది. ఎడమ మణికట్టు దగ్గర బార్డరు పట్టేసింది. కుడిదీ పట్టేసింది.

భానుప్రియ ముఖం పాలిపోయింది. “దోనో టైట్! ఎలా? నేను కుట్లు పక్కాగా లెక్కపెట్టాను.”

“లెక్కపెడితే ఇలాగెందుకొస్తాది? నలభైనాలుగు ఏసినావా, నలభై ఏసినావా?”

“నలభైనాలుగే... అనుకుంటా.”

“అనుకోడం ఏటే? కుట్టును లెక్కెట్టాల గాని అనుకుంటారా? నువ్వే తప్పినావు. ఇప్పీసి మళ్ళీ అల్లు, వదులుగా.”

ముప్ఫయ్యారేళ్ళుగా బిగుతు స్వెటరు తెచ్చిన ప్రతి మనిషి ముందూ నోటుబుక్కు తెరిచి కుట్లు లెక్కపెట్టిన మనిషి, ఆ రోజు లెక్కపెట్టలేదు. రెండు నిమిషాల పని. ఎందుకు పెట్టలేదో ఆమెకే తెలియాలి. పిన్ని అన్నాక ఇక తప్పు తనదే అయి ఉంటుందని ఆ పిల్లా పెట్టలేదు.

“పోనీ దిష్టి కుట్టు వేసెయ్యనా? నల్ల ఊలు ఎక్కడ?”

అప్పలనర్సమ్మ చేతి మీదుగా పోయే ప్రతి స్వెటరుకూ ఎడమ చంక లోపల ఒక నల్ల కుట్టు పడుతుంది. చంటిపిల్లల బుగ్గన పెట్టే చుక్కలాంటిదే, పైకి కనబడదు. అన్ని పనులూ అయ్యాక, ఆఖరున వేస్తుంది. దానికి రెండే నియమాలు. సగం పనికి వెయ్యకూడదు. ఎవరిది వాళ్ళు వేసుకోకూడదు.

“ఇప్పాల్సిన దానికి దిష్టేటే, పిచ్చి మొహమా? అంతా అయినాక నువ్వే ఎయ్యి. ఇదిగో, సూది రెడీగా ఉంచుతాను.”

నల్ల ఊలు జానెడు తెంపి సూదికి ఎక్కించబోయింది. నాలుగుసార్లు తప్పింది. భానుప్రియ అందుకోబోతే ఇవ్వలేదు. ఐదోసారి ఎక్కించి, కుర్చీ చేతికి చుట్టిన గుడ్డలో గుచ్చింది.

రోజూ ఆ వేళకు ఆమె నవల చదివి వినిపిస్తుంది. తెలుగు సంఘం లైబ్రరీ పుస్తకాలు, చాలావాటికి చివరి పేజీలు ఉండవు. వాటి ముగింపు తనే కల్పించి చెబుతుంది. ఈ నవల ఇంకో పేజీలో ఆగిపోతుంది. హీరోయిన్ ఉత్తరం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“ఈరోజు చదవవా పిన్నీ? ఆఖరికి ఏమవుతుంది?”

“సాయంత్రం సెప్తాను. ముందు బార్డర్లు సూడు. నానూ ఆలోచించుకోవాల కదా.”

భానుప్రియ స్వెటరు మడిచి తీసుకుపోయింది. చేతులు భుజం నుంచి కిందికి అల్లింది కనుక విప్పడం సులువే. అప్పలనర్సమ్మ రెండు ముద్దలు తిని, వెనక పెరట్లో కుర్చీ వేసుకుంది. చలికాలపు ఎండ ఆ పెరట్లో నూతి వైపు నుంచి గోడ వైపుకు జరుగుతుంది. దానితోపాటు ఆమె కుర్చీని జానెడు జానెడు జరుపుకుంటూ పోతుంది. ఒడిలో పుస్తకం తెరిచి పెట్టుకుంది. ఉత్తరంలో ఏముండాలి? మంచి కబురే ఉండనీ, అనుకుంది. నాలుగింటికి ఆయనతో చెప్పాలి, అని మళ్ళీ అనుకుంది. మూడు గంటల ప్యాసింజరు పాయింట్ల మీదికి ఎక్కిన చప్పుడు వినబడింది. మనసు అలవాటుగా లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఆ బండికి పన్నెండు పెట్టెలు. ఆమె ఎన్నింటి దాకా వచ్చిందో తెలియదు.

సూర్యం నాలుగుంపావుకు వచ్చాడు. పెరట్లో కుర్చీలో ఆమె తల వాల్చి ఉండటం చూసి, నిద్రపోతోంది, పోనీలే అని తనే టీ పెట్టాడు. పంచదార డబ్బా వెతుక్కోవడానికి కాస్త సేపు పట్టింది. రెండు గ్లాసులు పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చి, అప్పుడు చూశాడు. ఎండ గోడ ఎక్కేసి ఉంది. కుర్చీ నీడలో ఉంది. ముప్ఫయ్యారేళ్ళలో ఆమె నీడలో కూర్చుని ఉండగా అతను చూడలేదు.

“నర్సా” అన్నాడు. గ్లాసులు నూతి గట్టు మీద జాగ్రత్తగా పెట్టి, మళ్ళీ పిలిచాడు.

డాక్టరు వచ్చాడు, చూశాడు, గుండె అన్నాడు, వెళ్ళిపోయాడు. ముందు ఏమీ చెప్పలేదా అని అడిగితే సూర్యం, పొద్దున్న చెమటలు పట్టాయని మాత్రం అన్నాడు. ఆ మాటే వచ్చినవాళ్ళందరితోనూ అన్నాడు.

భానుప్రియ ఐదున్నరకు వచ్చింది. ఎడమ బార్డరు విప్పి వదులుగా అల్లి, ఒకసారి తొడిగి చూశాక కుడిది విప్పుదామని. గుమ్మం నిండా చెప్పులు. లోపలికి వెళ్ళి చూసి, ఏడవడం కూడా తెలియక వంటింట్లో ఒక మూల కూర్చుంది. స్వెటరు ఒడిలోనే ఉంది. చేతులు ఊరికే ఉండలేక, ఇంకా విప్పని కుడి బార్డరు మీద కుట్లు లెక్కపెట్టసాగాయి. నలభైనాలుగు. మళ్ళీ పెట్టింది, నలభైనాలుగు. ట్రంకుపెట్టె మీది పదకొండో నోటుబుక్కు తీసింది. మణికట్టు ఆరంగుళాలు, కుట్లు నలభైనాలుగు. తన చేతిరాతే.

లేచి వెళ్ళి చాప పక్కన కూర్చుంది. పిన్ని కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎలా పట్టుకోవాలని పిన్ని నేర్పిందో అలాగే, బొటనవేలూ మధ్యవేలూ మణికట్టు చుట్టూ వేసింది. వేళ్ళు కలవలేదు. గాజులు కండలోకి దిగిపోయి ఉన్నాయి.

తలవైపున వేణుగోపాల్ కూర్చుని ఉన్నాడు.

“నా లెక్క తప్పలేదు అంకుల్” అంది భానుప్రియ. “నలభైనాలుగే వేశాను. స్వెటర్ సహీ థా. పిన్ని నన్ను తప్పన్నాది... నేను విప్పేశాను.”

ఆయనకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తన స్వెటరు బార్డరును రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లాడిలా పెద్దగా ఏడ్చాడు. “పొద్దున్న నా ఎదటే రుద్దుకుందమ్మా. ఊలు నొప్పంది. నాను తలూపినాను” అన్నాడు.

మర్నాడు పొద్దున్న తీసుకువెళ్ళే ముందు సూర్యం ఆ స్వెటరు అడిగి తీసుకున్నాడు. డిజైను అతనప్పుడే చూశాడు. కలిసిన పట్టాల మీద వేలు పెట్టి, మెడ దాకా పోనిచ్చాడు. అది ఏమిటో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

“బయట సలిగా ఉంది” అని, దాన్ని ఆమె మీద కప్పాడు. ఒక చెయ్యి వదులుగా, ఒక చెయ్యి బిగుతుగా, అలాగే తీసుకువెళ్ళారు.

వీధి మలుపు దాటాక భానుప్రియకు గుర్తొచ్చి వెనక్కి పరుగెత్తింది. కడిగిన పెరట్లో కుర్చీ ఒక్కటే ఉంది, ఎండ అప్పుడే దాని కాళ్ళ దాకా వచ్చింది, కుర్చీ చేతి గుడ్డలో సూది ఆమె గుచ్చిన చోటే ఉంది, జానెడు నల్ల ఊలుతో.